పాట నాకే దక్కింది, నాన్న మాట మానేశారు

ఈ వారం ఉత్తరం దోహా నుంచి వచ్చింది. పేరు, ఊరు తీసేయమని అడిగారు, తీసేశాం. గడువుతో ముడిపడిన సంగతి కాబట్టి జవాబు ఆయనకు ముందే పంపించి, ఆయన సరేనన్నాకే ఇక్కడ ప్రచురిస్తున్నాం.

రాసినాయనకు 38 ఏళ్లు. శ్రీకాకుళం జిల్లా తీరంలో ఒక మత్స్యకార గ్రామం. పదకొండేళ్లుగా ఖతార్‌లో వెల్డింగు పని చేస్తున్నారు. తండ్రి విశాఖపట్నం చేపల రేవులో ఇరవై ఆరేళ్లు పరాయి బోట్లను నడిపే సరంగుగా ఉండి, మోకాళ్లు అరిగాక ఇంటికి చేరారు. తమ్ముడికి 29. ఊళ్లో చాలామంది కుర్రాళ్లలాగే ఏటా గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి, బోటు పెద్ద అయిన తండేలు దగ్గర అడ్వాన్సు తీసుకుని, కలాసీగా, అంటే బోటు పనివాడిగా చేసి, వేసవి చివర తిరిగి వస్తాడు. 2018 చివర్లో వేరావల్ నుంచి వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ గస్తీకి చిక్కి, ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరిలో వాఘా దాటి వచ్చిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వాళ్లలో ఇద్దరు ఈయనకు తెలిసినవాళ్లు. అప్పటి నుంచి చిన్నకొడుకు వేరావల్ రైలెక్కిన ప్రతిసారీ తల్లికి నిద్ర ఉండదట. తమ్ముణ్ని ఇంటి దగ్గర ఉంచాలంటే సొంత బోటు ఒక్కటే దారి అని ఈయన నిర్ణయించుకున్నారు.

అప్పు కట్టలేదని ఒక రుణసంస్థ స్వాధీనం చేసుకున్న మరబోటు ఆన్‌లైన్ వేలానికి వచ్చింది. పొడవు 13 మీటర్లు, 2011లో కట్టినది, చెక్క ఒడలికి పైన ఫైబరు పూత, 2018లో మార్చిన ఇంజను. పద్నాలుగు నెలలుగా విశాఖ జెట్టీలో కట్టేసి ఉంది. కనీస ధర రూ.16 లక్షలు. చూసుకోవడానికి రెండు రోజులు అవకాశం ఇచ్చారు కానీ ఈయన తరఫున ఎవరూ వెళ్లలేదు. “ప్రకటనలో పదకొండు ఫొటోలు ఉన్నాయి, చాలనుకున్నాను” అని రాశారు. రూ.1.60 లక్షల ధరావతు కట్టి పాటలో దిగారు. మిగతాది ఆయన మాటల్లోనే:

“భోజన విరామంలో ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఒక్కో పాటకు 20 వేలు పెంచాలి. పోటీగా ఉన్న మనిషి పేరు కనిపించదు, ఒక అంకె కనిపిస్తుంది, అంతే. సమయం అయిపోతోందనగా అతను పెంచుతాడు. గడియారం మళ్లీ ఐదు నిమిషాలు పెరుగుతుంది. నేను పెంచుతాను. 17 లక్షలు దాటకూడదని అనుకుని మొదలుపెట్టాను. అతను 18.20 పాడినప్పుడు నా చేయి ఆగింది. అమ్మ గుర్తొచ్చింది. 18.40 పాడాను. అతను ఇక పెంచలేదు. ఆ సాయంత్రం నాన్నకు ఫొటోలు చూపించాను. ‘ఆ బోటా’ అన్నారు. ఫోను అమ్మ చేతికిచ్చి అరుగు మీదకు వెళ్లిపోయారు. ఐదు రోజులైంది, నాతో మాట్లాడలేదు.”

కారణం తల్లి చెబితే తెలిసింది. తండ్రి నాలుగేళ్లు ఆ బోటు మీదే సరంగు. ఆయన కడుపు ఆపరేషనుకు ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నది ఆ బోటు యజమానే. బోటు ముక్కు మీద ఉన్న పేరు ఆ యజమాని తల్లిది. ఇక భార్య. పాతిక శాతం, అంటే రూ.4.60 లక్షలు కట్టేశారు. పాట కుదిరిన నాటి నుంచి పదిహేను రోజుల్లో మిగతా రూ.13.80 లక్షలు కట్టాలి. చేతిలో 9 లక్షలున్నాయి. తక్కువైన 4.80 లక్షలకు ఆమె బంగారం తాకట్టు పెట్టాలి. “బంగారం ఇవ్వనని అనడం లేదు, చూడని వస్తువుకు ఇవ్వనని అంటున్నాను” అన్నారట ఆమె. తమ్ముడికి విషయం ఇంకా తెలియదు. తాళాలు చేతిలో పెట్టి చెబుదామని ఈయన ఆశ.

ఉత్తరం మాకు అందేసరికి పది రోజుల గడువు మిగిలింది. అడిగినవి రెండు: నేను చేసింది తప్పా? డబ్బు కట్టేయాలా, 4.60 లక్షలు పోతే పోయాయని వదులుకోవాలా?

*

మొదటి ప్రశ్నను కాసేపు గట్టున పెడదాం. పది రోజుల్లో దానికి జవాబు దొరకదు, దొరికినా మీకు ఇప్పుడు పనికిరాదు. రెండో ప్రశ్నకు నేను అవునని కానీ కాదని కానీ చెప్పను. మీకే ఇంకా తెలియని విషయాలు అందులో నాలుగైదు ఉన్నాయి. అవి ఈ పది రోజుల్లో తెలుసుకోగలిగినవే.

మీ ఇంట్లో ఇప్పటిదాకా సూటిగా మాట్లాడింది మీ ఆవిడ ఒక్కరే. చూడని వస్తువుకు ఇవ్వనన్నారు. అది అలక అనుకోకండి, కొనేవాళ్లు మొదట వేయాల్సిన షరతు. మీరు పాటలో దిగే ముందు వేసుకోవాల్సింది, ఆమె ఇప్పుడు వేశారు. చూసుకోమని రెండు రోజులిచ్చారంటే ఆ రెండు రోజుల తరువాత ఫిర్యాదు వినరని అర్థం. “ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే” అని ప్రకటనలో ఉండే వాక్యం వాళ్ల రక్షణ కోసం రాసుకున్నది. చెక్క పుచ్చిపోయిందనో ఇంజను పట్టేసిందనో మీరు తరువాత వెనక్కి ఇవ్వలేరు. అయినా డబ్బు పూర్తిగా కట్టే లోపు ఇంకోసారి చూస్తామని రాతపూర్వకంగా అడగండి. ఇవాళే అడగండి. పాడినవాళ్లు చూస్తామంటే చాలాచోట్ల కాదనరు. కాదంటే ఆ కాదనడం కూడా మీకు ఒక సమాచారమే.

చూడటానికి తమ్ముడి స్నేహితుణ్ని పంపకండి. బోట్లు కట్టే వడ్రంగిని ఒకరిని, రేవులో ఇంజన్లు విప్పే మెకానిక్‌ను ఒకరిని, రోజు కూలీ ఇచ్చి పంపండి. మీ కోసం నేను అలాంటి పాత చేతులను ఇద్దరిని అడిగాను. బోటు చూడకుండా ఏమీ చెప్పలేమంటూనే చాలా చెప్పారు.

చెక్క గురించి వడ్రంగి చెప్పిన మాట నన్ను ఆశ్చర్యపరిచింది. సముద్రపు నీటికంటే వాన నీరే బోటును ఎక్కువ చంపుతుందట. ఉప్పు కొంతవరకు కర్రను కుళ్లనివ్వదు. మనిషి ఎక్కని బోటులో వాన నీళ్లు పైపలకల సందుల్లోంచి దిగి, లోపల మూలల్లో నిలిచి, కర్రను మెత్తబెడతాయి. పద్నాలుగు నెలలంటే కనీసం ఒక పూర్తి వానాకాలం. నీటి అడుగున సంగతి వేరు, అక్కడ కర్రను తొలిచే సముద్రపు పురుగు ఉంటుంది. పైన సూది బెజ్జమంత కనిపిస్తుంది, లోపల పలక జల్లెడ అయిపోయి ఉంటుంది. దాన్ని ఆపడానికే ఫైబరు పూత వేస్తారు. కానీ ఆ పూత ఒక్కచోట పగిలినా నీరు లోపలికి చేరి బయటికి రాదు. ఫొటోలో మెరిసేది ఫైబరు, కుళ్లేది దాని వెనకాల. అందుకే చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టి చూడాలి. గట్టి శబ్దం వస్తే సరే, డొల్ల శబ్దం వస్తే అక్కడ పూత చెక్కను వదిలేసినట్టు. ముఖ్యంగా అడుగు దూలం, దానికి అడ్డకర్రలు కలిసే చోట్లు, ఇంజను కూర్చునే దిమ్మ. వీలైతే బోటును గట్టు మీదకు లాగించి చూడటం మంచిది. లాగించడానికి అయ్యే ఖర్చు మీ 18.40 లక్షల పక్కన లెక్కలోనిది కాదు.

ఇంజను 2018లో మార్చారన్నది మంచి మాటే. అయితే తిరిగే ఇంజనుకంటే ఊరికే ఉన్న ఇంజను త్వరగా పాడవుతుంది. తాళం తిప్పి స్టార్టు చేసి చూపిస్తామంటే వద్దనండి, ముందు చేత్తో తిప్పి చూడమనండి. నూనె తీసి చూడాలి, పాలలా తెల్లబడి ఉంటే లోపలికి నీరు చేరినట్టే. నడిచాక పొగ నీలంగా వస్తే నూనె మండుతోందని అర్థం. ఇక అసలు ఆ ఇంజను అక్కడ పూర్తిగా ఉందా? కాపలా లేని బోటులో మొదట బ్యాటరీలు మాయమవుతాయి, తరువాత వైర్‌లెస్సు సెట్టు, జీపీఎస్, వల లాగే వించి తీగ, చివరికి గేరుపెట్టె. స్వాధీనం చేసుకున్న రోజు రాసిన వస్తువుల జాబితా రుణసంస్థ దగ్గర ఉండాలి. దాని నకలు తెప్పించుకుని, జాబితాలోని వస్తువులు బోటు మీద ఉన్నాయో లేదో సరిచూడండి. మీరు కొన్నది ఫొటోలోని బోటును కాదు, ఆ జాబితాలో మిగిలి ఉన్న బోటును.

పాటలో మీతో పోటీపడిన ఆ అంకె గురించి ఒక మాట. అతను 18.20 దగ్గర ఆగాడు. అతనెవరో మనకు తెలియదు, రేవులో బోటు చూసి వచ్చినవాడో, విప్పి ఇంజనూ ఇనుమూ అమ్ముకునేవాడో. కానీ అతనికి ఒక హద్దు ఉంది, అక్కడ ఆగాడు. మీ హద్దు 17. దాన్ని దాటించింది బోటు విలువ కాదు, అమ్మ ముఖం. అందుకు మిమ్మల్ని తప్పుపట్టను. కానీ ఆ 1.40 లక్షలు బోటు ధరలో భాగమని మాత్రం లెక్క వేయకండి.

ఇప్పుడు డబ్బు. మీ ఉత్తరంలో లెక్క 18.40 దగ్గర మొదలై 18.40 దగ్గరే ముగిసింది. కొన్న మర్నాడు ఏమవుతుందన్నది అందులో లేదు. మీ గడువు ఏప్రిల్ మొదటి వారంలో తీరుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా మరబోట్ల వేట నిషేధం. అంటే బోటు మీ చేతికి వచ్చిన వారంలోనే సముద్రం మూతపడుతుంది. ఇందులో మంచి ఉంది: మరమ్మతులకు రేవులో అందరూ వాడుకునే కాలం అదే. చెడు కూడా అదే. వడ్రంగులూ మెకానిక్‌లూ అందరికీ కావాలి, బోటు లాగించడానికి వరుసలో నిలబడాలి, రెండు నెలలు తాకట్టు వడ్డీ నడుస్తుంది, పైసా రాదు.

మరమ్మతుకు ఎంతవుతుందని వడ్రంగిని గుచ్చి గుచ్చి అడిగితే, ఏడాదికి పైగా కదలని పదిహేనేళ్ల చెక్క బోటు ఐదు లక్షల లోపు ఖర్చుతో నీళ్లలోకి దిగితే అదృష్టమన్నారు. అదొక అనుభవజ్ఞుడి అంచనా, అంతకంటే బరువు దానిపై వేయకండి. ఆపైన వలలు, తాళ్లు. కలాసీలకు అడ్వాన్సు, లేకపోతే వాళ్లు వేరే బోటు ఎక్కుతారు. ఐసు, సరుకులు. డీజిలు ఒక్కటే చూడండి: పది పన్నెండు రోజుల వేటకు 2,000 లీటర్లు పడితే, లీటరు రూ.95 వేసుకున్నా 1.90 లక్షలు. లీటరుకు రూ.9 ప్రభుత్వ రాయితీ ఉంది కానీ, రిజిస్ట్రేషనూ వేట లైసెన్సూ మీ పేరుకు మారాక అది అందుతుంది. మొదటి వేటకు అది చేతికి వస్తుందని ఆశపెట్టుకోకండి. మొదటి వేట బాగా పడుతుందని కూడా ఆశపెట్టుకోకండి. వంజరం, చందువ, రొయ్య పడిన రోజు డీజిలు, ఐసు, సరుకుల ఖర్చు పోగా మిగిలింది యజమానికీ కలాసీలకూ వాటాలు. పడని రోజు ఆ ఖర్చంతా యజమానిదే.

బంగారం తాకట్టు పెడితే బోటు వస్తుంది. ఆ బోటు వేటకు వెళ్లాలంటే పెట్టడానికి రెండో బంగారం లేదు. మీ ఇంటికి అసలు ప్రమాదం ఇక్కడ ఉంది. ఈ బోటు పాత యజమాని కూడా ఇలాంటి చోటే జారి ఉండవచ్చు. బోటు మీద అప్పు ఉన్నంత మాత్రాన ఎవరూ మునగరు, ఆ బోటును సముద్రంలోకి పంపడానికి మళ్లీ అప్పు చేసినప్పుడు మునుగుతారు.

కాగితాల సంగతి. మీరు పంపిన ప్రకటన ఫొటోలో మొదటి పేరా తెగిపోయింది. నాకు కావలసింది ఆ పేరానే. ఏ అధికారంతో అమ్ముతున్నారన్నది అక్కడే ఉంటుంది. ఇళ్లు, స్థలాలు వేలం వేయడానికి బ్యాంకులు వాడే 2002 నాటి సర్ఫేసీ చట్టం పేరు మీరు విని ఉంటారు. ఆ చట్టంలోని 31వ సెక్షను కొన్నింటిని మినహాయించింది. మర్చంట్ షిప్పింగ్ చట్టం నిర్వచించిన నౌకలు ఆ మినహాయింపులో ఉన్నాయి, ఆ నిర్వచనంలో పడవ కూడా ఉంది. కాబట్టి ప్రకటనలో ఆ చట్టం పేరు కనిపిస్తే, డబ్బు కట్టే ముందు న్యాయవాది చేత చదివించండి. రేపు పాత యజమాని కోర్టుకెక్కితే మొదట వేసే ప్రశ్న అదే అవుతుంది. రుణ వసూలు ట్రిబ్యునల్ వసూలు అధికారి ద్వారా జరిగిన వేలమైతే మీ కాలి కింద నేల గట్టిగా ఉన్నట్టు. అప్పు ఒప్పందంలోని షరతు ఆధారంగా సంస్థే అమ్ముకుంటుంటే ఆ షరతు నకలు అడగండి. కోర్టులో వ్యవహారం ఏదైనా నడుస్తోందా అన్నది కూడా రాతలోనే అడగాలి.

బకాయిల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రేవు రుసుములు పద్నాలుగు నెలలవి ఎవరు కడతారు? కొన్నవారే కట్టాలని షరతుల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. కలాసీల జీతం బాకీ ఉంటే అది యజమానితో ఆగదు, నౌకను వెంటాడుతుంది. 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం నౌక సిబ్బంది జీతాలకు అలాంటి హక్కు ఇచ్చింది. నాలుగేళ్లు ఆ బోటు మీద ఉన్న మీ నాన్నగారికి, ఆఖరి కలాసీలు బాకీ తీరి దిగారో లేదో ఒక్క ఫోను దూరంలో తెలుస్తుంది. పాత రిజిస్ట్రేషను పత్రం అసలు ప్రతి ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి. అది లేకుండా మత్స్యశాఖలో పేరు మార్పిడికి తిరగడం మొదలుపెడితే జూన్ కాదు, వచ్చే సంక్రాంతి వస్తుంది. పేరు మారని బోటుకు లైసెన్సు లేదు, రాయితీ లేదు, బీమా లేదు. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ రేవులో నిప్పు అంటుకుని దాదాపు నలభై బోట్లు కాలిపోయాయి. చెక్కా ఫైబరూ డీజిలూ పక్కపక్కనే కట్టి ఉండే చోట బీమా అన్నది చివర్లో ఆలోచించే విషయం కాదు. ఈ వయసు బోటుకు బీమా ఇస్తారా, ఎంత విలువకు ఇస్తారు అన్నది ఇప్పుడే ఒక కంపెనీని అడగండి. వాళ్లు వేసే విలువ మీరు పాడిన ధర మీద మరొకరి అభిప్రాయం కూడా అవుతుంది.

అన్నట్టు, పాట మీ పేరున పాడారు కాబట్టి అమ్మకం పత్రం మీ పేరునే వస్తుంది. దోహాలో ఉన్న యజమాని, విశాఖలో ఉన్న బోటు, మధ్యలో శ్రీకాకుళంలో ఇల్లు. చేపలు దిగిన తెల్లవారుజామున రేవులో ఇంకో పాట జరుగుతుంది, అది చేపలకు. అక్కడ మీ తరఫున ఎవరు నిలబడతారు? డీజిలు ఎన్ని లీటర్లు పోశారో ఎవరు చూస్తారు?

తమ్ముడు అంటారు మీరు. మీ ఉత్తరంలో తమ్ముడి ప్రస్తావన పద్నాలుగు సార్లు వచ్చింది, లెక్కపెట్టాను. ఒక్కసారీ అతను మాట్లాడలేదు. అతను వేరావల్‌లో కలాసీ. సరంగు కాదు. వల లాగడం వేరు, వల ఎక్కడ వేయాలో తెలియడం వేరు, ఏడెనిమిది మందిని పన్నెండు రోజులు సముద్రం మీద ఒక్కతాటిపై నడపడం మరీ వేరు. అతనికి అది రావచ్చు, నేర్చుకోవచ్చు. లేదా అతనికి వేరావల్‌లో నెల నెలా వచ్చే జీతమే ఇష్టం కావచ్చు, నష్టం యజమానిది జీతం తనది అనే నిశ్చింత ఇష్టం కావచ్చు. అమ్మ భయం తీర్చడానికి అతని బతుకు మార్చేస్తున్నప్పుడు అతనికి ఒక మాట చెప్పాలి కదా. తాళాలు చేతిలో పెట్టి చెబితే అతను కాదనలేడు. కాదనలేనివాడి ఒప్పుదల మీద బోటు నడపడం కష్టం. గుజరాత్ తీరంలో వేట నిషేధం జూన్ 1న మొదలవుతుంది, అతను ఎలాగూ అప్పుడు ఇంటికి వస్తాడు, ఇక్కడ సముద్రం జూన్ 15న తెరుచుకుంటుంది. అతనికి ఇష్టమైతే కాలం కలిసొచ్చినట్టే. అయితే తండేలు అడ్వాన్సు వచ్చే ఏటికి తీసుకోకముందే ఈ మాట తేలాలి.

ఇవన్నీ తెలిశాక మీ ముందు ఉండే దారులు మీరు రాసినట్టు రెండు కావు.

పూర్తిగా కట్టి తీసుకోవచ్చు. వడ్రంగి సుత్తికి గట్టి శబ్దం వచ్చి, కాగితాలు సరిగ్గా ఉండి, తమ్ముడు ఔనని, మరమ్మతుకూ మొదటి రెండు వేటలకూ బంగారం కాని డబ్బు ఎక్కడి నుంచో కనిపిస్తే, ఇది మంచి బేరమే కావచ్చు. ఆ నాలుగింటిలో ఒకటి తక్కువైతే ఆలోచించండి. రెండు తక్కువైతే నేనైతే కట్టను.

వదులుకోవచ్చు. 4.60 లక్షలు మీ ఏడాది చెమట, తేలిగ్గా చెప్పడం లేదు. కానీ దానికి ఒక అంచు ఉంది, అంతకంటే ఎక్కువ పోదు. అయితే షరతుల్లో ఒకటి చూసుకోండి: మళ్లీ వేలం వేసినప్పుడు తక్కువ ధర వస్తే ఆ తేడా కూడా మీ దగ్గర వసూలు చేస్తామని కొన్నిచోట్ల రాస్తారు. అది ఉంటే అంచు జరుగుతుంది. పోయిన 4.60ని కాపాడుకోవడానికి 13.80 కట్టడం మాత్రం కారణం కాకూడదు. ఆ 13.80 దానంతట అది విలువైనదైతేనే కట్టాలి.

గడువు పెంచమని అడగవచ్చు. అడగడానికి ఖర్చు లేదు. ఫోనులో అధికారి “చూద్దాంలెండి” అన్నది గడువు కాదు, కాగితం మీద తేదీ వేసి ఇస్తేనే గడువు.

వాటాదారులను చూసుకోవచ్చు. విశాఖలో ఒక బోటుకు ఇద్దరు ముగ్గురు యజమానులు ఉండటం కొత్త కాదు. రేవులో రోజూ ఉండే వాటాదారు ఒకరుంటే చేపల పాట దగ్గర నిలబడే మనిషి సమస్య, మొదటి డీజిలు సమస్య రెండూ సగానికి తగ్గుతాయి. పేచీలు రెట్టింపవుతాయన్నది కూడా నిజమే, ఒప్పందం స్టాంపు కాగితం మీద రాసుకోండి. కొని వెంటనే అమ్మేయడం అన్న దారి కూడా ఉంది. నష్టం రావచ్చు, కానీ జూన్‌లో వేటకు సిద్ధంగా ఉన్న బోటుకు ఏప్రిల్‌లో జెట్టీలో కట్టేసిన బోటుకంటే గిరాకీ ఎక్కువ.

చివరికి మిగిలింది మీ నాన్నగారు. నిజానికి మీరు ఉత్తరం రాసింది ఆయన గురించే, బోటు గురించి కాదు.

ఆయన మౌనానికి మీరు ఒక అర్థమే చెప్పుకున్నారు: ఉప్పు తిన్న మనిషి బోటును కొడుకు వేలంలో కొన్నాడని సిగ్గు. అది ఉండవచ్చు. ఆయన్ని ఆసుపత్రిలో ఆదుకున్న మనిషి తల్లి పేరు ఆ ముక్కు మీద ఉంది, అది చిన్న సంగతి కాదు. కానీ ఇంకో అర్థం కూడా ఉండటానికి వీలుంది. నాలుగేళ్లు ఆ బోటు తోలినవాడు ఫొటో చూసి “ఆ బోటా” అన్నాడంటే, ఆ బోటు గుణం తెలిసి అన్న మాట కూడా కావచ్చు. కొడుకు డబ్బు కట్టేశాక చెప్పి ఏం లాభమని అరుగు మీదకు వెళ్లి ఉండవచ్చు. లేదా తాను బతికుండగా, సరంగునై ఉండగా, తనను ఒక్క మాట అడగకుండా బోటు కొన్నాడన్న నొప్పి. ఏదో నాకు తెలియదు, మీకూ తెలియదు. అమ్మ చెప్పింది అమ్మకు తెలిసినంతే.

ఆ పాత యజమాని విషయంలో ఒకటి చెప్పగలను. మీరు ఈ బోటు వదిలేస్తే ఆయనకు మేలు జరుగుతుందని అనుకోకండి. వేలంలో వచ్చిన డబ్బు ఆయన అప్పులోనే జమ అవుతుంది. 16కు పోవలసింది 18.40కి పోతే 2.40 లక్షల మేర ఆయన బాకీ తగ్గినట్టే. మళ్లీ వేలం వేస్తే ఇంత రావచ్చు, రాకపోవచ్చు. బోటు ఆయన చేతి నుంచి పోయింది పద్నాలుగు నెలల క్రితం, మీరు ఫోను నొక్కిన మధ్యాహ్నం కాదు. ఊరు ఇలా లెక్క వేయదు, నాకు తెలుసు. అందుకే బోటు తీసుకోవాలని నిర్ణయించుకుంటే, డబ్బు కట్టే ముందు ఇంటి పెద్ద ఒకరు ఆయన్ని వెళ్లి కలవడం మంచిది. అనుమతి అడగడానికి కాదు, అది ఆయనను మరింత ఇబ్బంది పెడుతుంది. విషయం ఇతరుల నోట వినకుండా మన నోటితో చెప్పడానికి. ముక్కు మీది పేరు ఉంచమంటారా చెరపమంటారా అని ఆయన్నే అడగవచ్చు. కొందరు ఉంచమంటారు, కొందరు ఆ పేరు పరాయివాళ్ల చేతిలో తిరగడం చూడలేమంటారు. రెండూ న్యాయమే. వెళ్లాల్సింది మీ నాన్నగారు. వెళతారా అన్నది మీరు ఆయనతో మాట్లాడే తీరును బట్టి ఉంటుంది.

ఈసారి ఫోను చేసినప్పుడు ఒప్పుకున్నారా, కోపం తగ్గిందా అని అడగకండి. వాటికి ఆయన జవాబు చెప్పరు. వీడియో పెట్టకండి, ఫొటోలు చూపించకండి. పనిలో దిగిన సరంగును ఇంకో సరంగు అడిగినట్టు అడగండి. ఆ బోటులోకి నీళ్లు ఎటువైపు నుంచి ఊరేవి? మోటారు పెట్టి తోడేవారా, చేత్తో తోడేవారా? ఎదురుగాలికి ఎలా నిలబడేది? మీకు సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి ఆయనకు ఏడవుతుంది, అన్నం తిని అరుగు మీద కూర్చునే వేళ. ఆయన కాసేపు ఊరుకుంటే మీరూ ఊరుకోండి, ఫోను పెట్టేయకండి.